మాటలో మొదట ఏం వినిపిస్తోంది?

ఒకటో తరగతి పిల్లలు అ అమ్మ, ఆ ఆవు అని మొదలుపెట్టి అం అః దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తారు. వినే తల్లిదండ్రులు అక్షరాలు వచ్చేశాయని సంబరపడతారు. అదే పిల్లల్ని "అరటిపండు అనే మాట దేంతో మొదలవుతుంది?" అని అడిగి చూడండి. "తొక్కతో" అంటారు. ఆ వయసు బిడ్డ మనసులో పండు మెదులుతుంది కానీ మాట కాదు. మాటకి ఒక శబ్దం ఉందని, ఆ శబ్దానికి ఒక మొదలు ఉందని ముందు చెవికి తెలియాలి.

నేను సూర్యాపేట జిల్లాలో ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. ఒకటో తరగతి కావాలని అడిగి మరీ తీసుకుంటాను. 2022లో తెలంగాణ ప్రభుత్వం చిన్న తరగతుల పిల్లల చదువు పునాది కోసం తొలిమెట్టు అనే కార్యక్రమం మొదలుపెట్టినప్పటి నుంచి చదవడం, రాయడం గురించి మీటింగుల్లో చాలా మాట్లాడుకుంటున్నాం. వినడం గురించి ఇంకా చాలా మాట్లాడుకోవాలని నాకనిపిస్తుంది.

మా క్లాసులో బడి తెరిచిన కొత్తలో పలకలు సంచుల్లోనే ఉంటాయి. హాజరు తీసేటప్పుడు పేరంతా పిలవను. మొదటి శబ్దం మాత్రం పలికి ఆగుతాను. "మ" అనగానే ఇద్దరు ముగ్గురు ఒకేసారి లేచి ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఇద్దరి పేర్లూ ఒకేలా మొదలవుతాయని వాళ్ళకి తెలిసేది అప్పుడే. ఆ తర్వాత చిన్న అద్దం ఒకటి చేతికిస్తాను. పలక, బలపం, మల్లె అనమంటే పెదాలు కలుసుకోవడం అద్దంలో కనిపిస్తుంది. తల, దండ అంటే నాలుక పళ్ళని తాకుతుంది. సబ్బు, మల్లె లాంటి మాటల్లో మొదటి శబ్దాన్ని స్‌స్‌స్, మ్‌మ్‌మ్ అని సాగదీసి వినిపించవచ్చు. పలక, కలం అలా సాగవు. వాటిని ప... ప... పలక అని మళ్ళీ మళ్ళీ అనాల్సిందే.

పిల్లలకి బాగా నచ్చే ఆట ఇంకోటుంది. నేను "పడు" అంటే అందరూ కింద పడాలి, "పాడు" అంటే పాడాలి. కాసేపటికే ప, పా తేడా చెవిలో నాటుకుపోతుంది. దీర్ఘం గురించి ప్రత్యేకంగా చెప్పే పనే ఉండదు.

కొన్ని చార్టులతో నాకు పేచీ ఉంది. కాకి బొమ్మ పెట్టి క నేర్పిస్తారు. బిడ్డ "కా" అంటుంది, అది సరైన జవాబే! క కావాలంటే కలం, కడవ చూపించాలి. ఒంటె బొమ్మ చూసి మా పిల్లలు "వొంటె" అంటారు, ఎలుకని "యెలుక" అంటారు. తెలుగు మాట్లాడేవాళ్ళం చాలామందిమి అలాగే పలుకుతాం. ఋషి చెవికి రుషి అనే వినిపిస్తుంది. ఇక ణ, ళ మాటకి మొదట్లో రానే రావు. అందుకే వీణ, తాళం పెడతారు. మొదటి శబ్దం వినమని నేర్పిన బిడ్డ అక్కడ "వీ" అని, "తా" అని చెబుతుంది. ఇలాంటి అక్షరాలన్నిటినీ నేను వెనక్కి నెడతాను. చెవికి తేటగా వినిపించే ప, మ, ల, గ, త లాంటివి ముందు వస్తాయి. వరస తర్వాత నేర్చుకోవచ్చు.

మా బడికి పక్క తండా నుంచి కూడా పిల్లలు వస్తారు. ఇంట్లో వాళ్ళది లంబాడీ భాష. అమ్మ బొమ్మ చూపించి ఎవరని అడిగితే ఒక పాప "యాడి" అంది. రొట్టె చూపిస్తే "బాటి" అంది. నేను చాక్‌పీసు పక్కన పెట్టేసి, "యాడిలో మొదట ఏం వినిపిస్తోంది?" అని అడిగాను. కాసేపు పెదాలు కదిపి చూసుకుని "యా" అంది. బాటికి "బా" అని వెంటనే చెప్పింది. ఆ పాప చెవి తయారుగానే ఉంది, తెలుగు మాటలే ఇంకా కొత్త. ఇలాంటి పిల్లలకి చదువు రావట్లేదని ముద్ర వేస్తుంటే నాకు గుండె మండిపోతుంది. వాళ్ళ మాటతోనే వినడం నేర్పి, తర్వాత తెలుగు మాటలు అందించాలి.

ఇంగ్లీషుకీ ఇదే పద్ధతి. సీ, ఏ, టీ అని అక్షరాల పేర్లు అప్పజెప్పినంత మాత్రాన క్యాట్ అని చదవడం రాదు. ఆ అక్షరాలు పలికే శబ్దాలు తెలియాలి. పైగా ఇంట్లో "ఇస్కూలు" అని వినే బిడ్డకి ఆ మాట ఇ తో మొదలైనట్టే ఉంటుంది. దాన్ని సరిచేయడానికి కంగారు పడకుండా, స్‌స్‌స్ అని సాగదీసి నాలుగుసార్లు వినిపిస్తే సర్దుకుంటుంది.

ఇంట్లో ఏం చేయించాలి అని తల్లులు అడుగుతుంటారు. వర్క్‌బుక్కులు కొనకండమ్మా అంటాను. కూరగాయల బుట్ట ముందేసుకుని "వం తో మొదలయ్యేది ఇవ్వు" అనండి, వంకాయ తెస్తుంది. బె అంటే బెండకాయ, దొ అంటే దొండకాయ, ట అంటే టమాటా. ఉల్లిగడ్డని మీ ఇంట్లో "వుల్లిగడ్డ" అంటుంటే, బిడ్డ "వు" అన్నా ఒప్పుకోండి.