రెండో కుర్చీ

మంగళవారం. నాన్నగారి ఊలు శాలువాకు చిన్న చిల్లు పడితే, బజారు సందులో రఫూ చేసే పెద్దాయన దగ్గరకు తీసుకువెళ్లాను. ఆయన అంచు నుండి ఒక పోగు లాగి, అదే పోగుతో చిల్లును నేయడం మొదలుపెట్టారు. అక్కడ ఉన్నది ఆయన కూర్చునే పీట ఒక్కటే కనుక నేను నిలబడే ఉన్నాను.

నిలబడి లీ మింగ్వే గురించి ఆలోచించాను. 1964లో తైవాన్‌లో పుట్టిన ఈ కళాకారుడు 2009లో 'ద మెండింగ్ ప్రాజెక్ట్' రూపొందించాడు. ఒక పొడవాటి బల్ల, రెండు కుర్చీలు, గోడల నిండా రంగురంగుల దారపు కండెలు, అంతే. ముక్కూమొహం తెలియని వాళ్లు చిరిగిన బట్ట తెచ్చి ఎదుట కూర్చుంటే, ఆయనో, ఆయన బదులు మరొకరో దాన్ని కుడుతూ కబుర్లు చెబుతారు. చిరుగును దాచరు సరికదా, కొట్టొచ్చినట్టు కనిపించే రంగు దారంతోనే కుడతారు. కుట్టాక దారం తెంచకుండా, బట్టను గోడమీది కండెకు ముడిపడి ఉండగానే బల్లపై వదిలేస్తారు. 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్ జంట భవనాల దాడి నుండి తన సహచరుడు ప్రాణాలతో బయటపడ్డ రాత్రి, లీ ఇంట్లోని చిరిగిన బట్టలన్నీ ముందేసుకుని కుట్టాడట. ఈ ఆలోచనకు మూలం అదే.

నన్ను ఆకట్టుకున్నది ఆ దారాల అందం కన్నా ఆ అమరిక. ఇద్దరు అపరిచితులను ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడుకోమంటే నోరు పెగలదు. ఒకరి చేతిలో సూది ఉంటే చూపు నిలవడానికి ఒక చోటు దొరుకుతుంది, మధ్యలో మాట ఆగిపోయినా ఎబ్బెట్టుగా ఉండదు. అమ్మమ్మ పాత చీరలతో బొంత కుట్టేటప్పుడు అరుగుమీద చేరినవారి కబుర్లు ఇలాగే సాగేవి (దాన్ని ఎవరూ కళ అనలేదనుకోండి).

ఉండబట్టలేక, "ఎర్ర దారంతో కుడతారా?" అని అడిగాను.

ఆయన కళ్లజోడు పైనుంచి చూసి, "చిరుగు పదిమందికీ కనబడాలా సార్?" అన్నారు. కాసేపాగి, చిల్లు చుట్టూ నల్లబడిన అంచును గోటితో తడుముతూ, "అగరుబత్తి నిప్పు పడిందా?" అని అడిగారు. అవునన్నాను. నాన్నగారి తద్దినం రోజున పటం పక్కన పెట్టిన శాలువా అని చెప్పాను. ఆయన మాట్లాడకుండా సూదులపెట్టెను పక్కకు జరిపి, గట్టుమీద నాకు చోటు చూపించారు.