కూల్చేసిన మిల్లుకు రికార్డు పుట్టించడం: ఓల్డమ్‌లో నా అనుభవం

నిన్న సాయంత్రం ఈమెయిల్ వచ్చింది. మా వీధి వెనకాల ఒకప్పుడు ఉండి, ఇప్పుడు ఆనవాలు లేకుండా పోయిన నూలు మిల్లుకు ఇక్కడి చారిత్రక కట్టడాల జాబితాలో రికార్డు నంబరు ఇచ్చారు. సంతోషమే. కానీ మధ్యలో జరిగింది తలచుకుంటే ఇంకా ఒళ్ళు మండుతోంది. ఆ మంట చల్లారకముందే రాసేస్తున్నాను. ఇంగ్లండ్ ఉత్తరాన ఉన్న ఊళ్ళలో మన తెలుగువాళ్ళెవరికైనా ఈ పిచ్చి పట్టుకుంటే పనికొస్తుంది.

మేముండేది మాంచెస్టర్ పక్కన ఓల్డమ్‌లో, వెర్నెత్ వైపు. 1911లో ఈ ఒక్క ఊళ్ళోనే కోటీ అరవై లక్షలకు పైగా స్పిండిల్స్ (నూలు వడికే కదుళ్ళు) తిరిగేవి. అంటే ప్రపంచం మొత్తం మీద తొమ్మిదింట ఒకటి ఇక్కడిదే అన్నమాట. 1998లో ఆఖరి మిల్లు కూడా నూలు వడకడం ఆపేసింది. మిగిలిన భవనాల్లో కొన్ని గోడౌన్లయ్యాయి, కొన్ని ఫ్లాట్లయ్యాయి, చాలావరకు నేలమట్టమయ్యాయి. మాంచెస్టర్ చుట్టుపక్కల 1980ల్లో సర్వే చేసినప్పుడు నిలబడి ఉన్న మిల్లుల్లో దాదాపు సగం ఇప్పుడు లేవు. ఫ్రీహోల్డ్ ట్రామ్ స్టాప్ పక్కన ఉండే హార్ట్‌ఫర్డ్ మిల్లు చాలామందికి గుర్తుండే ఉంటుంది. 1907లో కట్టారు, 1993లో గ్రేడ్ టూ లిస్టింగ్ ఇచ్చారు, అంటే కాపాడాల్సిన కట్టడాల జాబితాలో చేర్చారు. అయినా 2020 చివర్లో కూల్చడం మొదలుపెట్టారు. దానికి లిస్టింగ్ ఉంది కాబట్టి పేపర్లో వచ్చింది, ఫోటోలు తీశారు, వాదించుకున్నారు. మా వెనకవీధి మిల్లుకు అలాంటి భోగం పట్టలేదు. దాని పేరు ఇక్కడ చెప్పను. రికార్డు ఆన్‌లైన్‌లోకి వచ్చాక మీరే చూస్తారు.

ముందు ఒక్క విషయం చెప్పాలి. ఇంగ్లండ్‌లో ప్రతి ప్రాంతానికీ హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ రికార్డు అని ఒకటుంటుంది. కూల్చేసినవాటినీ అందులో ఎక్కిస్తారు. లేని భవనానికి రికార్డెందుకని మావారు కూడా నవ్వారు. కారణముంది. రేపు ఆ స్థలంలో ఎవరైనా ఇళ్ళు కట్టడానికి ప్లానింగ్ పర్మిషన్ అడిగితే, ఆర్కియాలజీ వాళ్ళు ఈ రికార్డు చూస్తారు. నేల కింద ఇంజన్ పునాదో, బాయిలర్ గది గోడలో ఉండే అవకాశముంటే, తవ్వి చూశాకే కట్టుకోమని షరతు పెట్టించగలరు. రికార్డులో లేకపోతే అడిగే నాథుడే ఉండడు.

మ్యాపుల పని చాలా తేలిక. స్కాట్లండ్ నేషనల్ లైబ్రరీ సైట్‌లో ఇంగ్లండ్ పాత ఆర్డ్నెన్స్ సర్వే (ఇక్కడి ప్రభుత్వ మ్యాపుల సంస్థ) మ్యాపులు చాలా ఉచితంగా ఉన్నాయి. ఎడమవైపు 1890ల మ్యాపు, కుడివైపు ఇవాళ్టి ఉపగ్రహ చిత్రం పెట్టుకుని చూడొచ్చు. కొన్ని పట్టణాలకు 1:500 స్కేలులో గీసినవి ఉన్నాయి. వాటిలో వీధి దీపాల స్తంభాలు కూడా కనిపిస్తాయి, చర్చిలో ఎంతమందికి సీట్లున్నాయో కూడా రాసి ఉంటుంది. చూడటం మొదలుపెడితే రాత్రి నిద్రుండదు, ముందే చెప్తున్నాను. మ్యాపు మీద అచ్చైన సంవత్సరం వేరు, సర్వే చేసిన సంవత్సరం వేరు. రెండోదే రాసుకోండి. ఒక మ్యాపులో లేదు, తర్వాతి దాంట్లో ఉంది అంటే ఆ రెండు సర్వేల మధ్య ఎప్పుడో కట్టారన్నంతవరకే మనకు తెలుసు. "సుమారు 1900" అని రాసేసి చేతులు దులుపుకోవద్దు.

ఎవరి మిల్లు, ఎన్ని స్పిండిల్స్ అనేది వర్రాల్ డైరెక్టరీల్లో, అంటే మిల్లుల వివరాలు అచ్చేసిన పాత పుస్తకాల్లో దొరికింది. అవి అచ్చేసింది కూడా ఓల్డమ్‌లోనే.

వాటి పాత సంచికల కోసం ఒక ఆర్కైవ్‌కు వెళ్ళాల్సి వచ్చింది. ఏ ఊరిదో చెప్పను. రీడర్ కార్డుకు అడ్రస్ ప్రూఫ్ కావాలన్నారు. మా ఇంట్లో కరెంటు, గ్యాసు, కౌన్సిల్ ట్యాక్స్ అన్నీ మావారి పేరు మీదే. నా పాస్‌పోర్టులో ఇంటిపేరు పుట్టింటిది, బ్యాంకులో పేరు ముందువెనకలుగా ఉంటుంది. వీసా కార్డుల పద్ధతి పోయి ఈ-వీసా వచ్చిందని ఫోన్‌లో చూపిస్తే, కౌంటర్లో ఉన్నామె దాన్ని బజార్లో ఇచ్చే కరపత్రంలా చూసింది. మనవాళ్ళకు నా సలహా ఒకటే. ఇంట్లో ఒక్క బిల్లయినా ఆడవాళ్ళ పేరు మీద పెట్టించండి. ఇది ఆర్కైవ్ కోసమే కాదు.

ఇక అసలు సంగతికొస్తాను.

మా రెండిళ్ళ అవతల ఒక పెద్దాయన ఉంటారు. పాకిస్తాన్ వైపు కశ్మీర్‌లో ఉన్న మీర్‌పూర్ నుంచి 1960ల్లో వచ్చారు. నేను చాచా అంటాను. నాది వరంగల్ ఉర్దూ. "నక్కో" (వద్దు) అంటే చాలు, ఆయనకు నవ్వాగదు. ఆ మిల్లులో ఆయన ఏళ్ళ తరబడి రాత్రి షిఫ్టు చేశారు. ఇంజన్ గది పడమటివైపు ఉండేదనీ, ఆవిరి ఇంజన్ ఎప్పుడో తీసేశాక ఖాళీగా ఉన్న ఆ గదిలోనే తామంతా కూర్చుని రొట్టెలు తినేవాళ్ళమనీ చెప్పారు. వెనకాల లాడ్జ్ ఉండేదట. ఇక్కడ లాడ్జ్ అంటే బస చేసేది కాదు, మిల్లు చెరువు. ఇంజన్ వదిలిన ఆవిరిని చల్లార్చడానికి నీళ్ళు కావాలి కదా, అందుకని తవ్వేవాళ్ళు. ఇప్పుడది పూడ్చేసి కార్ పార్కు చేశారు.

ఆయన రాత్రి షిఫ్టు గురించి చెప్పింది నాకు అన్నిటికంటే విలువైనదనిపించింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మిల్లులు కొత్త యంత్రాలు తెచ్చుకున్నాయి. వాటి మీద పెట్టిన డబ్బు తిరిగి రావాలంటే రాత్రింబవళ్ళు నడపాలి. అప్పటి చట్టం ప్రకారం ఆడవాళ్ళను రాత్రిపూట పనిలో పెట్టకూడదు, ఇక్కడి మగవాళ్ళు ఆ షిఫ్టుకు వచ్చేవాళ్ళు కాదు. అలా పాకిస్తాన్ నుంచి, ఇప్పటి బంగ్లాదేశ్ నుంచి, ఇండియా నుంచి వచ్చిన మగవాళ్ళతో లాంకషైర్ రాత్రులు నడిచాయి. మిల్లు ఎవరు కట్టారో గోడ మీద రాసి ఉంటుంది. ఆఖరి పాతికేళ్ళు ఎవరు నడిపారో ఎక్కడా ఉండదు.

ఇదంతా రాసి, ఆ ప్రాంతంలో పోయిన భవనాల వివరాలు పోగుచేసే ఒక స్థానిక బృందానికి పంపాను. వాళ్ళ ద్వారా వెళ్తే రికార్డు ఆఫీసు త్వరగా తీసుకుంటుందని ఎవరో చెప్పారు. మీటింగుకు రమ్మన్నారు. నేను చీరలో కాదు, ఆఫీసు బట్టల్లోనే వెళ్ళాను. అయినా తలుపు దగ్గరున్నాయన యోగా క్లాసు పై అంతస్తులో అని దారి చూపించాడు. అది మాఫీ చేశాను.

నా కాగితం స్క్రీన్ మీద వేశారు. బృందం పెద్దాయన రిటైరైన మనిషి, ఊరి గురించి నిజంగానే చాలా తెలిసినవాడు. చాచా చెప్పిన పేరా దగ్గర ఆగి, అందరిముందూ అడిగాడు: ఈయన ఈ మిల్లులోనే పనిచేశాడని ఎలా నమ్మాలి, వాళ్ళలో చాలామందికి మిల్లు పేరే తెలిసేది కాదు, బస్సు స్టాపు పేరు చెప్పేవాళ్ళు. రెండో వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఇది జ్ఞాపకం, ఆధారం కాదు అన్నాడు. తర్వాత తమ ఆల్బమ్‌లో ఉన్న ఫోటో చూపించి, ఇంజన్ గది తూర్పున ఉంది చూడు, నీ పెద్దాయన చెప్పింది తప్పు అన్నాడు. ఆ ఫోటో కింద ఎవరో పెన్సిల్‌తో మిల్లు పేరు రాశారు. తేదీ లేదు, తీసినవాళ్ళ పేరు లేదు. పెన్సిల్ రాత ఆధారమట, ఆ గదిలో రొట్టె తిన్న మనిషి మాట జ్ఞాపకమట!

టీ తాగేటప్పుడు ఇంకొకాయన నవ్వుతూనే, మా మిల్లులు మూతపడింది మీ గాంధీ వల్లే కదా అన్నాడు. అప్పటికి నాకు నోరు లేచింది. గాంధీ 1931 సెప్టెంబరులో లాంకషైర్ వచ్చి డార్వెన్‌లో మిల్లు కార్మికుల మధ్యే ఉన్నాడనీ, పని పోయినవాళ్ళే ఆయన్ని ఆదరించారనీ చెప్పాను. జపాన్ పోటీ సంగతి, మన దేశంలోనే లేచిన మిల్లుల సంగతి కూడా చెప్పాను. ఆ మిల్లులకు యంత్రాలు అమ్మినవాళ్ళలో ఇదే వెర్నెత్‌లోని ప్లాట్ బ్రదర్స్ ఉన్నారు కదా, మరి మీ మిల్లులను ముంచింది గాంధీనా, మీ వీధివాళ్ళేనా అని అడిగాను. 1959లో మీ ప్రభుత్వమే చట్టం చేసి, పరిహారమిచ్చి మరీ స్పిండిల్స్‌ను తుక్కుకు పంపింది, దానికి గాంధీ సంతకం పెట్టలేదు కదా అని కూడా అన్నాను. ఆయన బిస్కెట్ ప్లేటు నా వైపు జరిపాడు.

ఇంటికొచ్చాక మాత్రం ఏడుపొచ్చింది. తర్వాత వాళ్ళు పంపిన సవరించిన ప్రతిలో నా రెండు పేజీలు రెండు లైన్లయ్యాయి. రాత్రి షిఫ్టు లేదు. చాచా లేరు.

మా తాత వరంగల్ ఆజంజాహి మిల్లులో పనిచేశాడు. 1934లో నిజాం పెట్టిన మిల్లు, 2002లో మూతపడింది. ఆయన సైరన్ గురించి, డ్యూటీ గురించి ఎన్నిసార్లు చెప్పినా మేం చెవిన పెట్టలేదు. ఇది చదువుతున్న వరంగల్‌వాళ్ళెవరైనా ఉంటే, మీ ఇంట్లో ఆ మిల్లు ముసలివాళ్ళు ఇంకా ఉంటే, ఫోన్ తీసి రికార్డు చెయ్యండి. రీల్స్ తర్వాత చూసుకోవచ్చు.

సరే, కోపంతో చేసిన పని బాగానే కుదిరింది. 1919 నుంచి 1953 వరకు ఏరోఫిల్మ్స్ అనే కంపెనీ విమానంలోంచి తీసిన ఫోటోలు 'బ్రిటన్ ఫ్రమ్ అబవ్' సైట్‌లో ఉన్నాయి. ఖాతా తెరిస్తే జూమ్ చేసి చూడొచ్చు, డబ్బేమీ కట్టక్కర్లేదు. ఓల్డమ్ మీద తీసిన ఒక ఫోటో మూలన మా మిల్లు దొరికింది. ఇంజన్ గది పడమటే. వెనకాల లాడ్జ్ తళతళలాడుతోంది. 1950ల నాటి 1:1250 మ్యాపు కూడా అదే చెప్పింది. ఇక వాళ్ళ పెన్సిల్ ఫోటో. దాన్ని పెద్దది చేసి చూస్తే, నీళ్ళ టవరు మీద తెల్ల ఇటుకలతో పేర్చిన పేరులో చివరి రెండక్షరాలు కనిపిస్తున్నాయి. అవి మా మిల్లు పేరులో లేనేలేవు. వెనకాల రైలు కట్ట కూడా ఉంది. మా మిల్లు దగ్గర రైలు కట్టే లేదు. ఇన్నేళ్ళుగా ఇంకో మిల్లు ఫోటోను ఈ మిల్లని చూపిస్తున్నారన్నమాట!

మ్యాపు, ఏరియల్ ఫోటో, వాళ్ళ ఫోటో మూడూ పక్కపక్కన పెట్టి, బాణాలు గీసి, పెద్దాయనకు ఒక్కడికే కాదు, బృందంలో అందరికీ పంపాను. చిన్నబుద్ధి అంటారా, అనండి. "ఆసక్తికరంగా ఉంది, ధన్యవాదాలు" అని జవాబొచ్చింది. ఇక్కడ దాని అర్థం తెలిసినవాళ్ళకు తెలుసు.

ఆ తర్వాత మధ్యవర్తులను వదిలేసి నేరుగా రికార్డు ఆఫీసుకే రాశాను. మొదటి రోజే ఈ పని చెయ్యండి, మీ ఓపిక మిగులుతుంది. అక్కడున్న అమ్మాయి ఎంత మర్యాదగా మాట్లాడిందో! నోటిమాట సాక్ష్యం కూడా తీసుకుంటారట. ఎప్పుడు రికార్డు చేశాం, ఏ భాషలో, ఆయన ఒప్పుకున్నారా అనేవి రాస్తే చాలు. పేరు వేయనక్కర్లేదు. చాచా ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెడుతూ, పెన్షన్ ఏమైనా పెరుగుతుందా అని అడిగారు.

ఫారం గురించి రెండు ముక్కలు. భవనం రకం మన ఇష్టమొచ్చినట్టు రాయకూడదు, వాళ్ళ జాబితాలోదే ఎంచుకోవాలి. గ్రిడ్ రిఫరెన్సు, అంటే మ్యాపు మీద స్థలాన్ని చూపే గుర్తు, రెండు అక్షరాలతో మొదలవుతుంది, ఓల్డమ్‌కు ఎస్‌డి. తర్వాత ఆరంకెలు వేస్తే వంద మీటర్ల గడి వస్తుంది. మన మిల్లు పోయి పక్క సూపర్‌మార్కెట్లో పడొచ్చు. ఎనిమిది వేస్తే పది మీటర్లకు వస్తుంది. స్థలం ఫోటోలు ఫుట్‌పాత్ మీద నిలబడి తీయండి, కంచె దాటొద్దు. మాకు మిగిలింది పాత రాతి ప్రహరీ ముక్క, గేటు స్తంభం ఒకటి, బండరాళ్ళు పరిచిన సందు. అవి కూడా రాశాను. పాత మ్యాపు బొమ్మలు జతచేసేటప్పుడు స్కాన్ పెట్టిన సంస్థ షరతులు చదవండి. మ్యాపు మీద హక్కు తీరిపోయినా వాళ్ళ షరతులుంటాయి.

నిన్న ఆ నంబరు చాచాకు చూపించాను. రాత్రి షిఫ్టు పేరా చదివి వినిపిస్తే, ఫోర్‌మన్ తిట్లు రాయలేదేమని అడిగారు. ఆయన పనిచేసిన రెండో మిల్లు ఓల్డమ్ దగ్గర షా అనే ఊళ్ళో ఉండేదట, అదీ కూల్చేశారట. దాని ఫారం సగం నింపాక సైట్ దానంతట అదే లాగౌట్ అయిపోయింది. ఇకమీదట అన్నీ ముందు వేరే ఫైల్లో టైప్ చేసుకుని, చివర్న అందులో అతికిస్తాను. మీరూ అదే చెయ్యండి.