సెలవులో చేసిన రిపేరు

"నిన్నెవరు చేయమన్నారు?"

జులై మధ్యలో వీడియో కాల్‌లో మా మేనేజర్ అడిగిన ప్రశ్న ఇది. ఆమె జర్మనీలో ఉంది, నేను రామంతాపూర్‌లో మా ఇంటి పైగదిలో ఉన్నాను. కింద అమ్మ మా అక్క కూతురికి గోరింటాకు నూరుతోంది, ఆ వాసన మెట్ల మీదుగా పైదాకా వస్తోంది. నేను మాత్రం హెడ్‌మాస్టర్ గదిలో నిలబెట్టిన పిల్లాడిలా కుర్చీలో బిగుసుకుపోయి ఉన్నాను.

కోపంగా అడిగి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. కోపానికి జవాబు చెప్పడం మనకు వచ్చు, తల వంచుకుని ఊరుకోవడమూ వచ్చు. ఆమె నిజంగానే తెలుసుకుందామని అడిగింది. నీ పేరు మీద టికెట్, అంటే పని అప్పగించే చీటీ, ఏమైనా పడిందా? ఎవరైనా ఫోన్ చేశారా? లేదు. మరి? ఆ "మరి"కి నా దగ్గర జవాబు లేదు. మా ఆఫీసులో అందరం ఒకరినొకరు "డూ" అనుకుంటాం, అంటే నువ్వే. పైవాళ్లను నువ్వు అనడానికి నాకు ఏడాది పట్టింది. అంత చనువిచ్చిన మనిషి అడిగేసరికి ఇంకాస్త గుచ్చుకుంది.

జరిగింది చెప్తాను. నా వైపు నుంచే చెప్తాను, ఇంకెలా చెప్పను?

2024 జూన్ ఆఖర్లో నాలుగు వారాల సెలవు మీద హైదరాబాద్ వచ్చాను. ఆఫీసు ల్యాప్‌టాప్ వెంట తెచ్చుకున్నాను. మొదటి తప్పు అదేనని మా ఆవిడ అంటుంది. జులై మొదటి వారంలో ఒక రాత్రి తొమ్మిదిన్నరకు, భోజనం చేసి ఫోన్ చూస్తుంటే టీమ్ గ్రూపులో మెసేజ్. కోడ్ నుంచి సాఫ్ట్‌వేర్ తయారుచేసే బిల్డ్ సర్వర్ మీద ఏ ప్యాకేజీ, అంటే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ మూట, ఇన్‌స్టాల్ కావడం లేదట. అక్కడ అప్పుడు సాయంత్రం ఆరు. దాని కిందే ఇంకొకరి మెసేజ్: రేపు చూద్దాం. అంతే, అందరూ వెళ్లిపోయారు. పని ముగిశాక మిగిలే సాయంత్రానికి జర్మన్‌లో ఒక పేరే ఉంది, ఫైయర్‌ఆబెంట్ అని. ఆ మాట వినిపిస్తే సగం బిగించిన బోల్టును అలాగే వదిలి ఇంటికి పోతారు.

నాకు నిద్ర పట్టలేదు. సర్వర్ పడి ఉందని తెలిసి పడుకోవడమంటే పొయ్యి మీద పాలు పెట్టి పడుకోవడమే.

ల్యాప్‌టాప్ తెరిచి వీపీఎన్ ద్వారా ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లాను. ప్యాకేజీలు తెచ్చిపెట్టే యమ్ కమాండ్ కొడితే హోస్ట్ దొరకడం లేదని ఎర్రర్. మా వృత్తిలో సామెత లాంటి మాట ఒకటుంది, ఎటు తిరిగినా చివరికి డీఎన్ఎస్సే అని. డీఎన్ఎస్ అంటే సైటు పేరుకు అడ్రసు చెప్పే ఏర్పాటు. అందుకని ముందు ఆ సెట్టింగులుండే రిజాల్వ్ డాట్ కాన్ఫ్ ఫైలు చూశాను, బాగానే ఉంది. మిగతా పేర్లన్నిటికీ అడ్రసు దొరుకుతోంది. మిర్రర్‌లిస్ట్ డాట్ సెంట్‌ఓఎస్ డాట్ ఆర్గ్ అనే ఆ ఒక్క పేరుకే జవాబు లేదు. ప్రాక్సీ చూశాను, ఫైర్‌వాల్ చూశాను, ఏమీ తోచక క్యాష్ కూడా తుడిచేశాను. దాంతో ఇంకో నష్టం, అప్పటిదాకా సర్వర్‌లో మిగిలున్న పాత జాబితా కూడా పోయింది. ఇంతలో వాన మొదలైంది, కరెంటు పోయింది. ఇన్వర్టర్ ఫ్యాన్‌కీ లైటుకే, వైఫైకి లేదు. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని, సిగ్నల్ కోసం కిటికీ పక్కకు జరిగి కూర్చున్నాను.

ఆ కిటికీ పక్కనే నాన్న తెలుగు క్యాలెండర్ వేలాడుతోంది. దాన్ని చూశాక వెలిగింది. జూన్ 30 దాటింది! ఆ సర్వర్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ సెంట్‌ఓఎస్ 7 ఆయుష్షు ఆ రోజుతో తీరింది. 2014 జులైలో వచ్చింది, పదేళ్లు బతికింది. చనిపోయే తేదీ అందరికీ ముందే తెలుసు. నిజానికి దాని తర్వాతిది, సెంట్‌ఓఎస్ 8, దానికన్నా ముందే పోయింది. 2020 డిసెంబరులో ఉన్నట్టుండి ప్రకటించి, 2021 ఆఖరుకల్లా ఆపేశారు. ఆ దెబ్బకు చాలామంది ఉన్న 7నే పట్టుకుని వేలాడారు. మేమూ అంతే. దాదాపు అన్ని మెషీన్లనూ కొత్త వాటికి మార్చాం, రెండు మాత్రం సెప్టెంబరులో చూద్దామని మిగిలాయి.

ఈ పని తెలియనివాళ్ల కోసం ఒక ముక్క. ప్యాకేజీ కావాలంటే సర్వర్ తిన్నగా వెళ్లి తెచ్చుకోదు. ముందు మిర్రర్‌లిస్ట్‌ను అడుగుతుంది, మా దగ్గర్లో సరుకు ఎక్కడ దొరుకుతుందని. అది నాలుగు అడ్రసులిస్తుంది. అప్పుడు అక్కడికి వెళ్తుంది. గడువు తీరాక ఆ అడ్రసులు చెప్పే పేరునే తీసేశారు. సరుకు ఎక్కడికీ పోలేదు, దారి చెప్పే మనిషి రిటైరయ్యాడు. పాత ప్యాకేజీలన్నీ వాల్ట్ అనే ఇంకో సర్వర్‌లో భద్రంగా ఉన్నాయి. వాల్ట్ అంటే ఖజానా అంటారు గానీ, నన్నడిగితే అది అటక. ఎక్కించినవి ఎక్కించినట్టే ఉంటాయి, కొత్తగా సెక్యూరిటీ ప్యాచ్ ఒక్కటీ రాదు.

చేయాల్సిందల్లా, ప్యాకేజీలు ఎక్కణ్నుంచి తేవాలో రాసి ఉండే రెపో ఫైళ్లలో మిర్రర్‌లిస్ట్ లైన్లకు ముందు హ్యాష్ గుర్తు పెట్టి మూసేసి, కింద మూసి ఉన్న బేస్‌యూఆర్ఎల్ లైన్లను తెరిచి, వాల్ట్ అడ్రసు రాయడం. అయిదు నిమిషాల పని. చేశాను, నడిచింది. తర్వాత కోడ్‌ను ప్రోగ్రామ్‌గా మార్చే కొత్త కంపైలర్ కోసం ఎస్‌సీఎల్ అనే ప్యాకేజీ వేశాను, మళ్లీ అదే ఎర్రర్. ఆ ప్యాకేజీ తనతో పాటు ఇంకో రెండు రెపో ఫైళ్లు తెచ్చిపడేస్తుంది, వాటిలోనూ చచ్చిపోయిన ఆ పేరే ఉంది. వాటినీ మార్చాను. ఇంకో చిన్న పని కూడా చేశాను, అది తర్వాత చెప్తాను.

పన్నెండున్నరకు బిల్డ్ పచ్చబడింది, అంటే గట్టెక్కింది. గ్రూపులో "సరిచేశాను" అని ఒక్క ముక్క రాసి పడుకున్నాను. ఆ రాత్రి ఎంత హాయిగా నిద్రపోయానో! పొద్దున్న లేవగానే అమ్మకన్నా ముందు ఫోన్ చూశాను. మూడు బొటనవేళ్లు, ఒక "థాంక్స్". అంతే.

ఇంకేం కావాలి నీకు, దండ వేయాలా అంటారేమో. వేయక్కర్లేదు. కానీ ఒకరైనా "సెలవులో ఉండి కూడానా!" అనకపోతారా అనుకున్నాను. తొమ్మిది రోజుల తర్వాత ఆ మాటే అన్నారు, కాకపోతే నేను అనుకున్న అర్థంలో కాదు.

అక్కడ సెలవంటే నిజంగా సెలవే. 1963 నాటి చట్టం, వారానికి అయిదు రోజులు పనిచేసేవాళ్లకు ఏడాదికి కనీసం 20 రోజులివ్వాలి. మా ఆఫీసు 30 ఇస్తుంది. సెలవులో జ్వరమొచ్చి డాక్టర్ చీటీ చూపిస్తే ఆ రోజులు సెలవు కింద లెక్కకు రావు, మళ్లీ తీసుకోవచ్చు. ఈ మాట చెప్తే మాదాపూర్‌లో పనిచేసే నా స్నేహితుడు నమ్మలేదు, "పెళ్లికి లీవ్ పెట్టి ఫేక్ జ్వరం తెచ్చుకోవచ్చురా" అని వెంటనే ప్లాన్ వేశాడు. కాల్‌లో మా మేనేజర్ కూడా ముందు సెలవు సంగతే చెప్పింది: "సెలవు విశ్రాంతి కోసం. నువ్వు పనిచేస్తే తప్పు నాది అవుతుంది."

నేనూరుకుంటానా! మనసులో వాదన మొదలైంది, రెండు రోజులు ఆగలేదు. నేను పని నేర్చుకున్నది అమీర్‌పేటలో. 2012లో మైత్రీవనం దగ్గర, ఒక గదిలో నలభై మందిమి, జిరాక్స్ నోట్సు, కోర్సయ్యాక ఇడ్లీ బండి. తర్వాత మాదాపూర్‌లో నైట్ షిఫ్టులు. క్లయింటు పొద్దున్న లేచేసరికి అన్నీ నడుస్తుండాలి, రాత్రి ఏం జరిగిందో అతనికి తెలియకూడదు. తెలియకపోవడమే మన గొప్ప. "ఆ సర్వర్ సంగతి వాడికే తెలుసు" అనిపించుకున్నవాడికే ఇంక్రిమెంటు. మా సీనియర్ ఒకాయన కమాండ్లన్నీ చిన్న డైరీలో రాసుకుని, బాత్రూమ్‌కి వెళ్తున్నా జేబులో పెట్టుకుని వెళ్లేవాడు. నాకు ఒక్కటీ చెప్పలేదు. ఆయన పక్కన కూర్చుని, వేళ్లు ఏ కీల మీద పడుతున్నాయో చూసి నేర్చుకున్నాను.

అలా నేర్చుకున్నవాణ్ని పట్టుకుని ఎవరు చేయమన్నారు అంటే ఏం చెప్పను? ఒకరు చేయమంటేనే చేసేది పనా? చుట్టాలింట్లో పెళ్లికి వెళ్తే వడ్డించమని ఎవరైనా చెప్తారా? ఇక్కడైతే ఎంత చండశాసనుడైన మేనేజరైనా "రాత్రంతా కూర్చున్నావట కదయ్యా, టీ తాగు" అని, ఆ తర్వాత తిట్టేవాడు. తిట్టడం మానడనుకోండి, ముందు ఆ టీ ఉంటుంది. అది చిన్న విషయమేమీ కాదు.

సరే, దాటవేసిన చిన్న పని సంగతి. మా సర్వర్లన్నిటినీ పప్పెట్ అనే ప్రోగ్రామ్ చూసుకుంటుంది. అరగంటకోసారి వచ్చి, ఏ ఫైలైనా ఉండాల్సినట్టు లేకపోతే సరిచేసి పోతుంది. నేను చేత్తో మార్చిన రెపో ఫైళ్లను అరగంటలో మళ్లీ పాతవి చేసేస్తుంది. ఆ రాత్రి ఒకసారి చేసేసింది కూడా. అందుకని రెండు మెషీన్ల మీదా పప్పెట్ ఏజెంట్‌ను, అంటే ఆ మెషీన్‌లో దాని తరఫున పనిచేసే ముక్కను, డిసేబుల్ చేశాను. ఆ కమాండ్‌లో ఎందుకు ఆపుతున్నామో ఒక వాక్యం రాసే వీలుంది. ఖాళీగా వదిలేశాను. పొద్దున్నే తీసేద్దామనుకున్నాను, పొద్దున్న బొటనవేళ్లు లెక్కపెట్టుకుంటూ మరిచిపోయాను.

ఆ వారంలోనే ఒక కాంట్రాక్టు ఉద్యోగి మానేశాడు. అతని లాగిన్ కీని పప్పెట్ అన్ని సర్వర్ల నుంచి తీసేసింది, ఆ రెండింటి నుంచి తప్ప. తొమ్మిది రోజులు ఆ తలుపులు తెరిచే ఉన్నాయి. పాపం అతను రాలేదు, ఎవరూ రాలేదు. కానీ పప్పెట్ ఎందుకు ఆగిందో తెలియక మా టీమ్‌లో ఇద్దరు ఒకరోజంతా లాగ్‌లు చదివారట. చివరికి ఆ రాత్రి నా లాగిన్ టైము దొరికింది.

ఆ కాల్‌లో ఆమె "బస్ ఫ్యాక్టర్" అనే మాట వాడింది. సాఫ్ట్‌వేర్‌వాళ్ల మాట అది. టీమ్‌లో ఎంతమందిని బస్సు గుద్దితే పని ఆగిపోతుందో ఆ లెక్క. "ఆ రెండు మెషీన్లకు మన బస్ ఫ్యాక్టర్ ఒకటి. ఆ ఒకటి నువ్వు. నాకది ఇష్టం లేదు" అంది. నేనెన్నేళ్లు కష్టపడ్డానో ఆ ఒకటి అనిపించుకోవడానికి! అది ఆమెకు లోపంలా కనిపించింది.

రెండు రోజుల తర్వాత, రాత్రి భోజనాల దగ్గర నాన్నకు చెప్పాను. ఆయన ముప్పై మూడేళ్లు ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. మా ఇంట్లో బస్సంటే అన్నం పెట్టినది. బస్సు గుద్దే లెక్క వినగానే "గిదేం మాట! డ్రైవర్ని అడగకుండ బస్సు మీద ఏస్తరా" అన్నాడు. నా వైపు మాట్లాడతాడని ఆశపడి మొత్తం చెప్పుకొచ్చాను, పప్పెట్‌తో సహా. ఆయన పెరుగు కలుపుకుంటూ విని ఒక్కటే అడిగాడు.

"బుక్కుల రాసినవా?"

"ఏం బుక్కు?"

"బండి బాగు చేసినంక ఏం చేసినవో రాయాలె గద. పొద్దుగాల డ్యూటీకొచ్చేటోనికి ఎట్ల తెలుస్తది? బ్రేక్ పైపు విప్పి కట్టిన అని రాయకపోతే ఆడు అదే బండి తీస్కపోతడు."

"అర్ధరాత్రి ఎవరు రాస్తారు నాన్నా."

"అర్ధరాత్రేనాయె మేం రాసింది."

అమ్మ మధ్యలో వచ్చి "వానికి అన్నం సక్కగ తిననియ్యి" అంది. ఇలా మా ఇంట్లోనే జర్మన్లు బయలుదేరితే ఇక నేనెవరితో చెప్పుకోను? అక్కడివాళ్లు వేరు, మనవాళ్లు వేరు అని రెండు రోజులుగా కట్టుకున్న వాదనలో నాన్న పనిచేసిన ముషీరాబాద్, ఉప్పల్ డిపోలు ఎటువైపు వస్తాయో నాకు అంతు చిక్కలేదు.

ఆ రాత్రి నోట్ రాశాను. ఏ ఫైలు, ఏ లైను, ఎందుకు, వెనక్కి ఎలా తీయాలి అన్నీ రాశాను. అయిదు నిమిషాల పని రాయడానికి గంటన్నర పట్టింది. వాల్ట్ మార్పును పప్పెట్‌లోనే పెట్టించి, రెండు ఏజెంట్లనూ తిరిగి ఎనేబుల్ చేయించాను. చేయించాను అంటే నేను చేయలేదు. సెలవు అయ్యేదాకా లాగిన్ అవొద్దని మా మేనేజర్ చెప్పింది, అందుకని ఫోన్‌లో నేను చెప్తుంటే టీమ్‌లో అందరికన్నా చిన్న కుర్రాడు చేశాడు. మధ్యలో రెండుసార్లు "ఎందుకు?" అని అడిగాడు. చెప్పాను.

ఇంకొకటి. ఆ రాత్రి పనిచేసినందుకు ఒక రోజు సెలవు నా ఖాతాలో తిరిగి వేసింది ఆమె. వద్దన్నాను. "నువ్వు వద్దనేది కాదు, అది లెక్క" అంది. ఆ ఒక్క రోజునూ ఇప్పటిదాకా వాడలేదు.