గడప మీద పసుపు, గడప ముందు చెప్పులు

భాగవతం మూడో స్కంధంలో బ్రహ్మ మానసపుత్రులైన సనకాది మునులు నలుగురు వైకుంఠానికి వెళ్ళిన ఘట్టం ఉంది. ఆరు వాకిళ్ళు దాటారు, ఎవరూ ఆపలేదు. ఏడో వాకిట్లో జయవిజయులు బెత్తాలు అడ్డం పెట్టారు. ఎన్ని యుగాలు గడిచినా అయిదేళ్ళ పిల్లల్లా దిగంబరంగా తిరిగే ఆ నలుగురినీ చూసి, వీళ్ళకు లోపల పనేమిటి అనుకున్నారు. ఆ తరువాత శాపం, అలికిడి విని స్వామి లక్ష్మీసమేతంగా వాకిట్లోకి నడిచి రావడం, ద్వారపాలకులు మూడుసార్లు అసురులై పుట్టి తిరిగి రావడం అందరికీ తెలిసిన కథే. మొదటి జన్మలో వాళ్ళు హిరణ్యాక్ష హిరణ్యకశిపులు.

ఏడో స్కంధంలో హిరణ్యకశిపుడు బ్రహ్మను అడిగిన వరంలో ‘నాంతర్బహిర్దివా నక్తం’ అన్న మాట వస్తుంది. లోపల చావు ఉండకూడదు, బయటా ఉండకూడదు, పగలూ వద్దు, రాత్రీ వద్దు. స్తంభంలోంచి వచ్చిన స్వామి ఆ వరానికి భంగం రాకుండా చేసిన పని ఒక్క పాదంలో ఉంది: ‘ద్వార్యూరుమాపత్య దదార లీలయా’. ద్వారం దగ్గర, తొడ మీద పడవేసుకుని, ఆటలాగా చీల్చాడు. పురాణం చెప్పేవాళ్ళు దీన్నే ‘గడప మీద, సంధ్యవేళ’ అని చెబుతారు.

ఈ శ్లోకం విన్నప్పుడల్లా అందరూ వరంలోని మెలిక గురించి, స్వామి యుక్తి గురించి మాట్లాడుకుంటారు. నా మనసు మాత్రం ఆ చోటు మీదే నిలుస్తుంది. వాకిట్లో దారికి అడ్డం నిలబడ్డందుకు కిందికి జారినవాడు అతడు. ఆ జన్మ నుంచి అతడికి విముక్తి కూడా వాకిట్లోనే దొరికింది. సింహాసనం దగ్గరా జరగలేదు, యుద్ధభూమిలోనూ జరగలేదు. వైకుంఠం ఏడో ద్వారానికీ, ఆ రాక్షసుడి సభాద్వారానికీ మధ్య నడిచిందే ఆ జన్మ అంతా.

మన రాయలసీమ వాళ్ళకు ఈ కథ ఎక్కడో జరిగినట్టు అనిపించదు. అహోబిలం ఎగువ కొండ మీద ఉగ్రస్తంభాన్ని చూపించి, స్వామి వెలువడింది ఇక్కడేనంటారు. జ్వాలా నరసింహుడి దగ్గర ఆ చీల్చే భంగిమే శిల్పంగా ఉంది. అక్కడి రక్తకుండంలో స్వామి చేతులు కడుక్కున్నాడని చెబుతారు. ఒకప్పుడు కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. కడప నుంచి పొద్దున బయలుదేరితే సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు, ఉగ్రస్తంభం ఎక్కాలనుకుంటే మాత్రం మోకాళ్ళను అడిగి బయలుదేరాలి.

మా అత్తగారు గడప మీద ఎవరినీ కూర్చోనివ్వరు. పిల్లలు కారణం అడిగితే నరసింహస్వామి కూర్చున్న చోటు అంటారు. గడపకు అటూ ఇటూ నిలబడి డబ్బు చేతులు మారడం కూడా ఆవిడకు నచ్చదు. పాలవాడైనా సరే, లోపలికి రమ్మని ఇస్తారు, లేదా తామే బయటికి వెళ్ళి ఇస్తారు.

రోజూ ఆవిడ గడపకు పసుపు రాయడం చూసినవాళ్ళకు ఒక విషయం అర్థమవుతుంది. ముందు నీళ్ళతో కడుగుతారు. పాత గుడ్డతో తుడుస్తారు, చెక్క పగుళ్ళలో చేరిన మట్టిని పుల్లతో తీస్తారు. తడి ఆరాక, చిక్కగా కలిపిన పసుపును మూడు వేళ్ళతో ఈ చివర నుంచి ఆ చివరకు లాగుతారు. ఆ పైన కుంకుమ బొట్లు, బియ్యప్పిండితో సన్నని గీతలు, కింద బండ మీద చిన్న ముగ్గు. మొత్తం పావుగంట పని. అయితే దీనికంతటికీ ముందు ఒక పని ఉంది, దాన్ని ఎవరూ పూజలో లెక్కవేయరు. గడపకు ఆనుకుని ఉన్న చెప్పులన్నీ తీయాలి. అవి అక్కడ ఉంటే చెయ్యి ఆ చివరి దాకా వెళ్ళదు.

ఇప్పుడు చాలా ఇళ్ళలో గడపకు పసుపురంగు ఎనామిల్ పెయింటు వేయించి, పెయింటరు చేతనే ఎర్రచుక్కలు, తెల్లగీతలు పెట్టిస్తున్నారు. అపార్టుమెంటుల్లో లక్ష్మీపాదాల స్టిక్కరు. ఉద్యోగానికి పరుగెత్తే ఆడవాళ్ళను తప్పుపట్టడానికి నేను సిద్ధంగా లేను, ఎందుకంటే పసుపు రాయని రోజుల్లో నాకూ ఆ పెయింటే దిక్కు. కానీ పెయింటుతో పసుపు ఒక్కటే పోలేదు. రోజుకొకసారి నడుం వంచి గడపను దగ్గరగా చూసే అవసరం పోయింది. చెప్పులు జరపవలసిన పని లేదు కనుక అవి అక్కడే స్థిరపడ్డాయి. వాటి వెనక గొడుగు చేరింది, గొడుగు వెనక హెల్మెట్టు, హెల్మెట్టు కింద కరెంటు బిల్లులు, ఆన్‌లైన్‌లో వచ్చిన అట్టపెట్టెలు, ఎవరో ఎప్పుడో పెట్టిన సగం వాడిన వైటువాషు డబ్బా. గడప మాత్రం పచ్చగా మెరుస్తూనే ఉంటుంది.

మా ఊళ్ళో దీనికి ఎండ కూడా కారణమే. ఇంటి ముందు పరిచేది కడప బండ. కూర్చుంటే చల్లగా, కడిగితే అద్దంలా ఉంటుంది, కానీ ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఆ నల్లబండ మీద ఉత్తకాలు పెట్టలేం. గేటు దగ్గర చెప్పులు విడిచి నాలుగడుగులు నడవడం ఎవరి వల్లా కాదు. అందుకే అందరి చెప్పులూ సరిగ్గా గడప అంచుదాకా వస్తాయి. దీనికి పిల్లలను తిట్టి లాభం లేదు. నీడ పడేలా ఒక తడికో, గోనెపట్టో వేసి, చెప్పుల చెక్కను మెట్ల పక్కకు జరిపితే సగం సమస్య తీరుతుంది. ఆ రోజు తొడిగేవి తప్ప మిగతా జోళ్ళు లోపలి అలమరలోకి వెళ్ళాలి. వచ్చినవాళ్ళు చెప్పులు విడవడానికి చోటు కోసం వెతుక్కునే వాకిలి, రమ్మని పిలిచినట్టు ఉండదు.

బిందెల జోలికి మాత్రం నేను పోను. కుళాయి వచ్చే వేళకు నాలుగు బిందెలు, ఒక డ్రమ్ము వాకిట్లో లేకపోతే ఈ సీమలో ఇల్లు గడవదు. నీళ్ళ కోసం పెట్టింది అడ్డు ఎలా అవుతుంది? నింపాక వరుసగా గోడకు చేరిస్తే చాలు. గోడకు చేర్చడమన్న మాట ఊరికే అనలేదు. ఏ విష్ణ్వాలయానికైనా వెళ్ళి గర్భగుడి ముందు చూడండి. జయవిజయులు గదలు పట్టుకుని, వేలెత్తి, కోరలతో భయపెడుతూ ఉంటారు, కానీ ఇద్దరూ పక్కలకే ఉంటారు. నడుమ దారి నిండు వెడల్పుతో ఖాళీ. శిల్పశాస్త్రం ప్రకారం వాళ్ళ చోటు అదే, నేను కాదనను. ఏడో వాకిట్లో జరిగింది తెలిసిన భక్తుడికి మాత్రం, ఈసారి ఎవరికీ అడ్డురాం అని వాళ్ళు చెబుతున్నట్టే అనిపిస్తుంది. వాకిట్లో ఉండదగిన వస్తువేదైనా ఆ ఇద్దరిలా ఉంటే సరిపోతుంది. తులసికోట, పూలకుండీ, చెప్పుల చెక్క, బిందెలు, అన్నీ పక్కకు.

గుమ్మం పైభాగం సంగతి మనం ఇంకా తక్కువ పట్టించుకుంటాం. ఉగాదికి కట్టిన మామిడి తోరణం దసరా దాకా వేలాడుతుంది. ఆకులు గోధుమరంగుకు తిరిగి, చుట్టుకుపోయి, గాలికి గరగరమంటాయి. ఏడాది కిందటి బూడిద గుమ్మడికాయ ఒకవైపు మెత్తబడి నల్లటి నీరు కారుస్తున్నా, దిష్టి తగిలి పగిలిందంటూ ముచ్చటగా చూపించేవాళ్ళు ఉన్నారు. అమావాస్యకు కట్టిన నిమ్మకాయ, మిరపకాయలు మళ్ళీ అమావాస్య వచ్చేసరికి దారం మీద ఎండు నుసి. కట్టేటప్పుడు పంచాంగం చూస్తాం. తీయడానికి మాత్రం ఏ తిథీ గుర్తురాదు. పచ్చదనం కోసం కట్టినది వాడిపోయాక దించి చెట్టు మొదట్లో వేయడం కూడా అదే పూజలో భాగమని నా లెక్క.

కొత్త కోడలు కుడికాలు పెట్టి వచ్చేది ఈ గడప మీదుగానే. ఇంటి పెద్దను చివరిసారి దాటించేది కూడా దీని మీదుగానే. ఎవరైనా పోయినప్పుడు ఇరుగుపొరుగు వచ్చి మొదట చేసే పని చూశారా? వసారాలో సైకిలు, కుర్చీలు, కుండీలు ఎత్తి వీధిలో పెడతారు. ఎన్నాళ్ళుగానో కుదరదన్న పని పది నిమిషాల్లో అయిపోతుంది. చెప్పడానికి కాస్త కటువుగా ఉంది కానీ, బతికి ఉన్నవాళ్ళ కోసం ఆ వెడల్పు ఎందుకు ఇవ్వలేమో నాకు అర్థం కాదు. కర్ర పట్టుకుని నడిచే ముసలివాళ్ళు ఇంట్లో ఉంటే మరీను.

ఇరుకు వాకిలి గురించి వైష్ణవులు చెప్పుకొనే అందమైన కథ మరొకటి ఉంది. తమిళనాడులోని తిరుక్కోవలూరులో ఒక వాన రాత్రి పొయ్‌గై ఆళ్వారు ఒక ఇంటి నడవలో తలదాచుకున్నారు. ఆళ్వార్లంటే విష్ణువు మీద తమిళంలో పాటలు కట్టిన భక్తకవులు. ఒకరు పడుకోవడానికి చాలే చోటు. కాసేపటికి పూదత్తాళ్వారు వచ్చి చోటుందా అని అడిగారు. ఒకరు పడుకునే చోట ఇద్దరు కూర్చోవచ్చు, రమ్మన్నారు. పేయాళ్వారు వచ్చారు. ఇద్దరు కూర్చునే చోట ముగ్గురు నిలబడవచ్చు. ఆ చీకట్లో నాలుగో వారెవరో చేరి తమను ఒత్తుతున్నట్టు ముగ్గురికీ తెలిసింది. వచ్చినవాడు శ్రీహరి. ఆ ముగ్గురి పాశురాలే, ఆళ్వార్ల పాటల సంపుటమైన నాలాయిర దివ్యప్రబంధంలో మొదటి మూడు తిరువందాదులు. అక్కడి స్వామిని దేహళీశుడని, అంటే గడపకు అధిపతి అని కొలుస్తారు.

ఆ నడవలో సామాను లేదన్నది కథ చెప్పని విషయం. ఉంటే మొదటి ఆళ్వారుకే పడుకోవడానికి చోటు దొరికేది కాదు. చోటు చిన్నదైనా, వచ్చినవాళ్ళ కోసం లేచి కూర్చున్నారు, కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. మా వీధిలో రెండు గదుల ఇళ్ళవాళ్ళు పండగనాడు ఇరవైమందిని కూర్చోబెట్టడం చూశాను. పెద్ద హాలున్న ఇంట్లో సోఫా మీది బట్టలు తీసేదాకా నిలబడే ఉండడమూ తెలుసు.

ఉగాదికి మా ఊళ్ళో తలుపు గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వనక్కరలేదు, దేవుని కడపకు వెళితే చాలు. లక్ష్మీవేంకటేశ్వరుడి ఈ కోవెలను తిరుమలకు తొలి గడప అంటారు. ఈ దారిన కొండకు నడిచే యాత్రికులు ముందు ఇక్కడ దర్శనం చేసుకుని కదిలేవారట. తిరుమల తిరుపతి దేవస్థానం నిర్వహణలోని ఈ గుడికి ఉగాదినాడు ముస్లింలు పెద్ద సంఖ్యలో వస్తారు. బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడపడుచు, వేంకటేశ్వరుడు తమ అల్లుడు అన్నది వారి నమ్మకం. బుర్ఖా వేసుకున్న అమ్మ, ఆమె పక్కన నామం పెట్టుకున్న తాత, ఒకే వరుసలో కొబ్బరికాయలు చేతబట్టుకుని నిలబడతారు. ఎప్పటినుంచో వస్తున్న ఆచారం కనుక ఊళ్ళో ఎవరికీ వింతగా ఉండదు. బయటి ఊరి చుట్టాలను ఉగాదికి తీసుకువెళితే మాత్రం నోరు తెరుచుకుని చూస్తారు. అల్లుడి ఇంటికి వచ్చినవాళ్ళను ఎవరు మీరని అడిగే జయవిజయులు అక్కడ లేరు.

అక్కడి నుంచి ఇంటికి వచ్చి మన గడప చూసుకుంటే సిగ్గేస్తుందేమోనని, ముందురోజే వాకిలి సర్దుతాను. కొత్త అమావాస్య అందుకు సరైన రోజు. ఎలాగూ ఇల్లంతా బూజు దులుపుతాం. అయితే చాలామంది వెనక గదుల నుంచి మొదలుపెట్టి, వాకిలి దాకా వచ్చేసరికి ఓపిక అయిపోయి, లోపలి చెత్తనంతా ‘పాత సామాను బండి వచ్చేదాకా’ అంటూ గుమ్మం పక్కనే పోగేస్తారు. ఆ బండి ఉగాది వెళ్ళిన వారానికి వస్తుంది. నేను వాకిలి నుంచే మొదలుపెడతాను. పైన తోరణం దింపడం, సాలెగూళ్ళు, కరెంటు మీటరు మీది దుమ్ము, ఆ తరువాత చెప్పులు, చివరికి కడగడం. బండ కడిగిన నీళ్ళు గేటు దాకా ఎక్కడా ఆగకుండా పారితే పని అయినట్టు. మధ్యలో ఏదైనా వస్తువు దగ్గర నీళ్ళు రెండుగా చీలితే, ఆ వస్తువు అక్కడ ఎందుకుందో అడగాలి.

మా ఇంట్లో నీళ్ళు చీలేది స్కూటరు దగ్గర. ప్రహరీ వెంట పెడితే ఎండకు సీటు పగులుతుందని మా ఆయన వాదన, వేపచెట్టు కింద పెడితే కాకులు పాడుచేస్తాయట. పక్కసందులో ఒక రేకు వేయించమని అడిగాను. ఈసారి అత్తగారు నా పక్షమే. రేకు కొలతలు తీసుకోవడానికి ఆదివారం మనిషి వస్తానన్నాడు.