ఉప్పల్‌లో ఒక్క రన్ తేడా

2024 మే 2, ఉప్పల్‌లో రాజస్థాన్‌తో ఐపీఎల్ మ్యాచ్, ఇప్పటికీ హైలైట్స్ కనపడితే ఆపి చూస్తా. సన్‌రైజర్స్ 201 కొట్టారు, అందులో మన వైజాగ్ కుర్రాడు నితీష్ రెడ్డివి 76 నాటౌట్, టీమ్‌లో తెలుగోళ్ళకి ఛాన్సులివ్వరని గొణుక్కునే మాకు ఇంకేం కావాలి చెప్పండి.

మన బౌలర్ భువీ (భువనేశ్వర్ కుమార్) ఫస్ట్ ఓవర్లోనే రాజస్థాన్ బట్లర్, శాంసన్ ఇద్దర్నీ డకౌట్ చేసేశాడు, ఇంక గెలిచేశాం అనుకుంటే జైస్వాల్, పరాగ్ నిలబడి ఉతికారు చూడండీ... లాస్ట్ బాల్‌కి 2 రన్స్ కావాలి, మళ్ళీ భువీనే, పావెల్ ఎల్బీడబ్ల్యూ!! పక్కనున్న అంకుల్ ఎవరో కూడా తెలీదు, గట్టిగా వాటేసుకున్నాడు.

అందరూ హెడ్, అభిషేక్ సిక్సులే అంటారు గానీ నాకైతే ఆ సీజన్ అంటే ఆ బాలే. ఫైనల్ సంగతి మాత్రం ఎత్తకండి ప్లీజ్, 113కే ఆలౌట్ ఏంట్రా బాబూ