గీయని రోజుల పని

రోజూ గీస్తేనే చేయి తిరుగుతుందని చిన్నప్పటి నుంచి విన్న నాకు, శ్రీకాళహస్తిలో కలంకారీ నేర్పిన పెద్దాయన మొదట కలమే ముట్టుకోవద్దనడం విడ్డూరంగా తోచింది. గుడ్డను కరక్కాయ, గేదెపాలలో నానబెట్టి, పిండేసి, ఎండలో ఆరవేయడం, బెల్లం నీటిలో తుప్పు పట్టిన ఇనుప ముక్కలు వేసి నలుపు కోసం వాడే కసిమి అనే ద్రవాన్ని రోజుల తరబడి ఊరనివ్వడం, ఇదే నా చదువైంది. మూత తీసినప్పుడల్లా "ఇంకా ఊరలేదమ్మా" అనేవారు. పలచగా కనిపించే ఆ ద్రవం కరక్కాయ పట్టిన గుడ్డను తాకి నల్లబడడం చూశాక, నా తొందర నాకే చిన్నదనిపించింది. అందుకే, బొమ్మలు వేసే పిల్లలు సలహా అడిగితే, గీయడం కొన్నాళ్లు ఆపి ఒక్క రంగునైనా స్వయంగా తయారు చేసుకోమంటున్నాను. గడువులోగా బొమ్మ ఇవ్వవలసిన వారికి (వారి కష్టం వారిది) ఇది కుదరదని తెలిసినా, అదే మాట చెబుతున్నాను.