షార్వెంకా ఎల్పీ: నాలుగో ప్రయత్నం, ఇంకా ఊగుతూనే ఉంది

నిన్న రాత్రి ఈ ఎల్పీని కంప్యూటర్‌లోకి నాలుగోసారి ఎక్కించాను. స్వరం ఊగుడు తగ్గింది కానీ పోలేదు. చాలా బాధగా ఉంది, ఎందుకంటే ఇది నాకు ప్రాణమైన రికార్డు.

స్వరకర్త క్సావర్ షార్వెంకా రాసిన మొదటి పియానో కన్చెర్టో (పియానోకూ ఆర్కెస్ట్రాకూ కలిపి రాసిన కృతి), బి ఫ్లాట్ మైనర్, ఓపస్ 32. పియానో ఎర్ల్ వైల్డ్, ఎరిక్ లైన్స్‌డార్ఫ్ నడిపిన బోస్టన్ సింఫనీ, 1969. వైల్డ్ గురువు సెల్మార్ జాన్సన్ నేరుగా షార్వెంకా దగ్గరే నేర్చుకున్నవాడు. ఆ పరంపర చేతిలో వినబడుతుంది. మూడు భాగాల్లో విలంబంగా నడిచేది ఒక్కటీ లేదు, మధ్యలో ఉన్నది స్కెర్ట్సో, అంటే హుషారుగా పరుగెత్తే భాగం. ఇలాంటిది కచేరీల్లో ఎందుకు వినిపించదో నాకు అర్థం కాదు.

కడగడం, ముల్లు బరువు, రికార్డింగ్ స్థాయి అన్నీ బాగానే కుదిరాయి. బాధంతా నడిమి రంధ్రంతోనే. ఇంతకుముందు ఎవరి దగ్గర ఉందో, ఎందుకో దాన్ని చాకుతో చెక్కారు. వెర్నియర్‌తో కొలిస్తే 8.2 మి.మీ., నా ప్లేయర్ ఇరుసు 7.2. అంటే ప్లేటు అర మి.మీ. దాకా పక్కకు జరగొచ్చు. మొదటిసారి టోన్ ఆర్మ్ (ముల్లును మోసే చెయ్యి) వెనక గళ్ల కాగితం నిలబెట్టి చూస్తే ముల్లు చుట్టుకు ఆ కొస నుంచి ఈ కొసకు సరిగ్గా 1 మి.మీ. ఊగుతోంది. చుట్టుకు 1.8 సెకన్లు. అంచు గాడుల్లో అంతగా తెలియదు, లేబుల్ దగ్గరికొచ్చేసరికి వ్యాసార్థం 60 మి.మీ.కు పడిపోతుంది కాబట్టి వేగం 0.8 శాతం హెచ్చుతగ్గులవుతుంది. 523 హెర్ట్జ్ దగ్గర నిలవాల్సిన సి స్వరం 519 నుంచి 527 దాకా ఊగింది. వయొలిన్ల మీద ఆ ఊపు దాగిపోతుంది. వీణ మీదైతే గమకం అనుకుంటాం. మీటిన స్వరాన్ని పియానో వంచలేదు కాబట్టి అక్కడ చెవికి వెంటనే తగులుతుంది.

రెండోసారి ఇరుసుకు టెఫ్లాన్ టేపు ఐదు చుట్లు చుట్టాను. టేపు కొస ఒకవైపు ఉబ్బి, ముల్లు ఊపు 0.6 మి.మీ. దగ్గర ఆగింది. మూడోసారి టేపు తీసేసి, ప్లేటు తిరుగుతుండగా ఆర్మ్‌ను చూస్తూ అంచును గోటితో తట్టి తట్టి 0.2కు తెచ్చాను. ఎంత సంబరపడ్డానో! కదలకుండా ప్లేటు పైన 300 గ్రాముల బరువు పెట్టగానే జరిగి మళ్లీ 0.5. నిన్న బరువు లేకుండా చేశాను. మొదట్లో 0.2, పక్క చివరికొచ్చేసరికి 0.4. ఫెల్ట్ మ్యాట్ మీద ప్లేటు మెల్లగా జారుతోందని నా అనుమానం, దుమ్ము బ్రష్ ఆనించడం కూడా కారణం కావచ్చు. సి ఇప్పుడు 521.3 నుంచి 524.7.

ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పిచ్ సరిచేయొచ్చు కదా అంటారు. నేను చేయను, పియానో లోపలి సుత్తి తీగను కొట్టే దెబ్బ పదును పోతుంది. గీతల వల్ల వచ్చే క్లిక్కులను యంత్రంతో తీయించడమూ నాకు గిట్టదు. ఆడియో టెక్నికా వీఎం95ఎంఎల్ ముల్లు మాత్రం లోపలి గాడుల్లో అద్భుతం, ఈ ధరలో ఇంకేదీ కొననక్కర్లేదు. 1980ల నాటి నకామిచి టీఎక్స్-1000 రికార్డ్ ప్లేయర్ అయితే కేంద్రాన్ని తనే వెతికి సరిదిద్దుకునేది. అది మనకు అందే ధర కాదు.

ఆదివారం రబ్బరు మ్యాట్ వేసి, బ్రష్ తీసేసి ఐదోసారి. రంధ్రంలో ఇత్తడి రేకు రింగు పెట్టాలనీ ఉంది, 0.5 మి.మీ. మందం ఎక్కడైనా దొరకాలి. ఇది తేలితే తర్వాత మైకేల్ పోంటీ వాయించిన మోష్కోవ్‌స్కీ పియానో కన్చెర్టో, ఇ మేజర్, ఓపస్ 59. ఆ ప్లేటు రంధ్రం 7.3 ఉంది, కొలిచి పెట్టుకున్నాను.